పొలం పంపకం: లెక్క తల్లి వాటా దగ్గర మొదలవ్వాలి

తెలుగు పల్లెల్లో పొలం రెండుసార్లు పంచుకుంటారు. మొదటిసారి తండ్రి బతికుండగానే, నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, గట్లు వేసి, హద్దురాళ్లు పాతి. పెద్దవాడికి తూర్పు చెక్క, చిన్నవాడికి పడమటి చెక్క. ఆడపిల్లకు పెళ్లిలో పెట్టింది చాలు. ముసలివాళ్లు ఆర్నెల్లు ఒకరింట్లో, ఆర్నెల్లు ఇంకొకరింట్లో. ఆ రోజు కాగితం రాయరు, రాసినా తెల్లకాగితం మీద నాలుగు సంతకాలు, రెండు వేలిముద్రలు. రెండోసారి పంచుకునేది తండ్రి పోయాక, తహసీల్దారు ఆఫీసులోనో కోర్టులోనో. ఈ రెండింటి మధ్య పదేళ్లో ఇరవయ్యేళ్లో గడిచిపోతాయి. ఈలోగా ఊరి పక్కన రోడ్డు పడుతుంది, ఎకరం ధర ఎక్కడికో వెళ్తుంది, పెద్దమనుషుల్లో ఇద్దరు పోతారు, మిగిలినవాళ్లకు సరిగా గుర్తుండదు. పాసుపుస్తకం మాత్రం తండ్రి పేరు మీదే ఉంటుంది.

గట్టు మీద జరిగిన పంపకం సాగు చేసుకోవడానికి సరిపోతుంది, హక్కుకు సరిపోదు. బ్యాంకు పంటరుణం పాసుపుస్తకంలో పేరున్నవాళ్లకే ఇస్తుంది. కాలువకో హైవేకో భూమి పోతే పరిహారం రికార్డులో ఉన్న పేరు మీదే వస్తుంది. ఆ పేరుగల మనిషి అప్పటికే కన్నుమూసి, వారసులు తలోమాట చెబితే డబ్బు డిపాజిట్‌లో ఉండిపోతుంది, ఇంట్లో అప్పుకు వడ్డీ పెరుగుతూ ఉంటుంది.

ఆస్తి ఏర్పాటు అనగానే రైతు ఇళ్లలో ముందుకొచ్చే ప్రశ్న ‘ఎవరికెంత’ అని. నిజానికి అది రెండో ప్రశ్న. పంచేశాక ఆ దంపతులు దేని మీద బతుకుతారు, ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవారు దేని మీద బతుకుతారు అన్నది మొదటిది. ఎక్కువ ఇళ్లలో మిగిలేది తల్లి. దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు. 2015-16 వ్యవసాయ గణన నాటికి అది 1.08 హెక్టార్లకు, అంటే రెండున్నర ఎకరాలు దాటీ దాటని విస్తీర్ణానికి దిగిపోయింది. ఇంత చిన్న కమతాన్ని పంచేటప్పుడు అందరికంటే ముందు చిక్కిపోయేది తల్లి వాటాయే. అది ఎందుకో కింద లెక్కతో చూడవచ్చు. ముందు భూమి రకం తేలాలి.

ఇది ఏ భూమి?

పల్లెలో ‘తాతల నాటి ఆస్తి’ అన్న మాట చాలా వదులుగా వాడతారు. తండ్రికి ఆయన తండ్రి నుంచి వచ్చిన ప్రతి సెంటూ పిత్రార్జితమేననీ, అందులో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉందనీ అనుకుంటారు. చట్టం అలా చూడదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక, తాత స్వార్జితం ఆయన మరణంతో వీలునామా లేని వారసత్వం గురించి చెప్పే ఎనిమిదో సెక్షన్ కింద తండ్రికి సంక్రమిస్తే, అది తండ్రి సొంత ఆస్తి అవుతుంది. సుప్రీంకోర్టు 1986లో ఒకసారి, 1987లో మరోసారి ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఆ భూమిని తండ్రి అమ్ముకోవచ్చు, ఇష్టమైనవారికి రాసివ్వవచ్చు, మనవడు అడ్డుపడలేడు. అదే భూమి ఉమ్మడి కుటుంబ పంపకంలో తండ్రి వాటాగా వచ్చి ఉంటే సంగతి వేరు: ఆయన పిల్లల వరకు అది పిత్రార్జితమే, కొడుకులకూ కూతుళ్లకూ పుట్టుకతో హక్కు ఉంటుంది. ఒకే తాత, ఒకే సర్వే నంబరు అయినా, చేతికి వచ్చిన దారిని బట్టి హక్కు మారిపోతుంది.

అందుకే ఏ వకీలు దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది లింకు దస్తావేజులు. తాత కొన్న కాగితం, తండ్రి పేరెక్కిన ఏడాది, పాత అడంగల్ లేదా పహాణీ (సాగు రికార్డు), వన్‌బీ (భూ యజమానుల రికార్డు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా). ఇవన్నీ తండ్రికి జ్ఞాపకం చెదరకముందే సేకరించాలి. ఏ మూల ఎవరి దగ్గర కొన్నదో, ఏ చెక్క పంపకంలో వచ్చిందో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఆయనొక్కరే ఉంటారు.

అసైన్డ్ భూమిది వేరే దారి. ప్రభుత్వం పేదలకిచ్చిన డీ-పట్టా భూమి 1977 చట్టం ప్రకారం వారసులకు వస్తుంది గానీ, అమ్మకం, దానం కుదరవు. ఆంధ్రప్రదేశ్ 2023లో ఇరవై ఏళ్లు దాటిన మూల అసైనీలకు, అంటే మొదట పట్టా పొందినవారికి, కొంత సడలింపు ఇచ్చింది. తెలంగాణలో ఆ వెసులుబాటు లేదు. ఏజెన్సీ ప్రాంతంలో 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ గిరిజనేతరులకు భూ బదిలీని చెల్లనివ్వదు. పైగా షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, అక్కడ ఆచారమే ప్రమాణం. గిరిజన కుటుంబంలో కూతురికీ భార్యకూ భూమి దక్కాలన్న ఆలోచన ఉంటే దాన్ని చట్టానికి వదిలేయకుండా పెద్దవాళ్లు బతికుండగానే కాగితం మీద పెట్టాలి. ముస్లిం కుటుంబాల్లో వీలునామా మూడోవంతుకే పరిమితం, అదీ వారసుల్లో ఒకరికే రాస్తే మిగతావారి సమ్మతి కావాలి. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది: వీలునామా లేకపోతే భార్యకు మూడోవంతు, మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా.

ఆరెకరాల లెక్క

ఒక హిందూ రైతు కుటుంబం అనుకుందాం. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పిత్రార్జితం ఆరెకరాలు. వీలునామా లేకుండా తండ్రి పోయారు.

ముందుగా, ఆయన పోయే క్షణానికి ముందు పంపకం జరిగినట్టు చట్టం భావిస్తుంది. ఆ పంపకంలో వాటాదారులు నలుగురు: తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు. ఒక్కొక్కరికి ఎకరంన్నర. మన దక్షిణాదిలో పాటించే హిందూ న్యాయం ప్రకారం తండ్రికీ పిల్లలకీ మధ్య పంపకంలో తల్లికి విడిగా వాటా లేదు. ఆ తర్వాత తండ్రి ఎకరంన్నర ఆయన వారసులకు పోతుంది: భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురికీ సమానంగా. అంటే ఒక్కొక్కరికి 37.5 సెంట్లు, తెలంగాణ లెక్కలో 15 గుంటలు. నాయనమ్మ బతికి ఉంటే ఆవిడ కూడా మొదటి తరగతి, అంటే అందరికంటే ముందుగా వాటా వచ్చే, వారసురాలే. అప్పుడు ఐదు వాటాలు, తలా 30 సెంట్లు.

మొత్తం కలిపి చూస్తే ప్రతి బిడ్డకూ ఒక ఎకరం 87.5 సెంట్లు. నలభై ఏళ్లు ఆ పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసిన తల్లికి 37.5 సెంట్లు. ఎవరూ ఆవిణ్ణి మోసం చేయలేదు, చట్టం మామూలుగా నడిస్తేనే వచ్చిన ఫలితమిది. అదే ఆరెకరాలు తండ్రి స్వార్జితమైతే నలుగురికీ సమానంగా తలా ఎకరంన్నర వచ్చేది.

దీన్ని సరిచేయడానికి తండ్రి చేతిలో ఒక సాధనం ఉంది. వారసత్వ చట్టం ముప్ఫయ్యో సెక్షన్ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో ఇంకా పంచుకోని తన వాటాను ఎవరికైనా వీలునామా ద్వారా రాయవచ్చు. ‘నా వాటా మొత్తం నా భార్యకు’ అన్న ఒక్క వాక్యం తల్లి వాటాను 37.5 సెంట్ల నుంచి ఎకరంన్నరకు పెంచుతుంది. పిల్లలు ముగ్గురికీ వాళ్ల ఎకరంన్నర చెక్కుచెదరదు. ఇదే వాటాను బతికుండగా దానంగా ఇవ్వబోతే మాత్రం, మిగతా వాటాదారుల సమ్మతి లేకుండా చెల్లదు. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1987లో ఈ సూత్రాన్నే నిలబెట్టింది. పంచుకోని పిత్రార్జితంలో దానపత్రం నిలవదు, వీలునామా నిలుస్తుంది. ఈ తేడా తెలియక ఖర్చుపెట్టి రాయించుకున్న గిఫ్ట్ డీడ్లు తర్వాత కోర్టుల్లో కొట్టుకుపోతుంటాయి.

ఇంటి పెద్ద కొడుకు తండ్రికంటే ముందు పోయిన ఇళ్లలో పరిస్థితి మరింత సున్నితం. చనిపోయిన కొడుకు భార్య, పిల్లలు మొదటి తరగతి వారసులే, ఆ కొడుకు వాటాకు వాళ్లు నిలబడతారు. కానీ భూమి మామగారి స్వార్జితమైతే, ఆయన బతికుండగానే దాన్ని మిగతా కొడుకులకు రాసిచ్చేస్తే, ఆ కోడలికి వారసత్వంగా దక్కేదేమీ ఉండదు. మనవల పేరు మీద ఒక చెక్క రాయాలా వద్దా అన్నది ఆ ఇంట్లో వాయిదా వేయదగిన విషయం కాదు. మైనర్ల పేర రాస్తే ఆ భూమిని తర్వాత అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. తండ్రిలేని పిల్లలకు అదొక రక్షణ.

పసుపు కుంకుమతో హక్కు తీరిపోదు

కూతుళ్ల ఆస్తి హక్కు విషయంలో ఆంధ్రప్రదేశ్ దేశం కంటే ఇరవై ఏళ్లు ముందు నడిచింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లైందా లేదా అన్న తేడా తీసేసింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు మిగిలిన సందేహాన్నీ తీర్చింది: కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు. మినహాయింపు ఒకటి ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం పూర్తయిపోతే దాన్ని తిరగదోడరు. నోటి మాట పంపకాన్ని, ప్రభుత్వ రికార్డుల గట్టి ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప, ఒప్పుకోరు.

అంటే 1995లో గట్టు మీద జరిగిన పంపకం కూతురి హక్కును ఆపదు. కట్నం ఇచ్చామన్నదీ ఆపదు. పసుపు కుంకుమ కింద అరెకరం రిజిస్టరు చేసి ఇచ్చి ఉంటే, ఆ అరెకరం ఆమెది. కానీ మిగతా భూమిలో హక్కు వదులుకున్నట్టు దాని అర్థం కాదు. హక్కు వదులుకోవడానికి విడిగా రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు కావాలి.

చాలా ఇళ్లలో తండ్రి కర్మలు అయ్యీకాకముందే అక్కచెల్లెళ్లను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి ఆ సంతకం పెట్టించుకుంటారు. పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కనివ్వరన్న భయం అక్కడ పనిచేస్తుంది. కష్టకాలంలో ఆడబిడ్డకు పుట్టిల్లే చివరి ఆసరా అయిన సమాజంలో ఆ భయం ఊరికే వచ్చింది కాదు, కాబట్టి ఆ సంతకాన్ని ఇష్టపూర్వకమని పిలవడం కష్టం. కూతురు నిజంగా వదులుకుంటానంటే ఆమె ఇష్టం. అయితే ముందు ఆమెకు తన వాటా ఎంతో సెంట్లలో చెప్పాలి. లెక్క తెలిసి వదులుకోవడం వేరు, తెలియక వేలిముద్ర వేయడం వేరు. వాటాకు బదులు డబ్బు ఇస్తుంటే ఆ మొత్తం దస్తావేజులో రాయాలి, బ్యాంకు ద్వారా ఇవ్వాలి. వారసత్వంగా వచ్చిన ఉమ్మడి భూమిలో ఒకరు తమ భాగం బయటివారికి అమ్మాలనుకుంటే, మిగతా వారసులకు ముందుగా కొనుక్కునే హక్కు హిందూ వారసత్వ చట్టం ఇరవైరెండో సెక్షన్ ఇస్తుంది. సాగుభూమికి కూడా అది వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ‘చెల్లెలికి వాటా ఇస్తే పరాయివాడు పొలంలోకి వస్తాడు’ అని బెదిరే అన్నదమ్ములు ఈ సెక్షన్ గురించి ముందు తెలుసుకోవాలి.

వీలునామా, సెటిల్‌మెంట్

పెద్దవాళ్లు తమ చేత్తో ఏర్పాటు చేయడానికి రెండు ముఖ్యమైన దారులు ఉన్నాయి. వీలునామా మరణం తర్వాతే పనిచేస్తుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కనీసం ఇద్దరు సాక్షులు, రాసిన మనిషి తమ ముందు సంతకం చేశారనో, చేసిన సంతకం తనదేనని తమతో ఒప్పుకున్నారనో సంతకాలు పెట్టాలి. కోర్టులో ఆ ఇద్దరిలో ఒకరైనా వచ్చి చెప్పాలి. అందుకని డెబ్బయ్యేళ్ల మనిషి వీలునామాకు డెబ్బయ్యేళ్ల స్నేహితులనే సాక్షులుగా పెట్టడం తెలివైన పని కాదు, వయసులో చిన్నవాళ్లు, ఊళ్లో ఉండేవాళ్లు కావాలి. ఆస్తి పొందే కొడుకే ముందుండి రాయించడం, మంచం మీదున్న రోజుల్లో రాయించడం, ఒక బిడ్డను పూర్తిగా వదిలేసి కారణం రాయకపోవడం, ఇవన్నీ అనుమానానికి తావిస్తాయి. ఆ అనుమానాలు తీర్చాల్సిన భారం వీలునామాను నమ్ముకున్నవాళ్ల మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1959 నుంచీ చెబుతూ వస్తోంది. తప్పనిసరి కాకపోయినా రిజిస్టరు చేయించడమే మేలు.

రెండోది దాన సెటిల్‌మెంట్. రిజిస్టరైన రోజే హక్కు బిడ్డకు వెళ్లిపోతుంది, ఇచ్చినవారు మనసు మార్చుకున్నా వెనక్కి రాదు. కొడుకు పేరు మీద పట్టా ఎక్కాలి, అప్పు తెచ్చుకోవాలి, డ్రిప్పు పెట్టుకోవాలి అన్నప్పుడు తల్లిదండ్రులు దీనికి ఒప్పుకుంటారు. సాగుచేసే బిడ్డ చేతికి అధికారం రావడం న్యాయమే. నలభై ఐదేళ్లొచ్చినా ప్రతి సంతకానికీ తండ్రి దగ్గరికి వెళ్లాల్సిన రైతు వ్యవసాయంలో పెట్టుబడి పెట్టలేడు. కానీ ఉన్నదంతా రాసిచ్చేసి పొయ్యి దగ్గర ప్లేటు పట్టుకు నిలబడ్డ ముసలివాళ్లు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

రెండు జాగ్రత్తలతో ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఒకటి, దస్తావేజులోనే జీవితకాలం అనుభవించే హక్కు తమకు ఉంచుకోవడం: పొలం బిడ్డ పేరుకు వెళ్తుంది, పంట లేదా కౌలు మాత్రం బతికున్నంతకాలం తల్లిదండ్రులది, ఒకరు పోతే రెండోవారిది. ఇలా అనుభవ హక్కు ఉంచుకున్నా దానం చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది, పోషణ షరతు రాయడం. 2007 తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమ చట్టం ఇరవైమూడో సెక్షన్ ప్రకారం, కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూడకపోతే, ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. షరతు ఉందని రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో ధర్మాసనం ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలంది. ఈ రెండు తీర్పుల మధ్య ఎవరి కేసు ఎటు పడుతుందో అని ఆందోళన పడేకంటే, ‘మా ఇద్దరి తిండి, వైద్యం, నివాసం జీవితాంతం చూసుకోవాలన్న షరతు మీద’ అని దస్తావేజులో రాయించడం తేలిక. దస్తావేజు లేఖరి ‘ప్రేమాభిమానాలతో’ అన్న పాత మూస వాక్యంతో సరిపెడతానంటే ఒప్పుకోకూడదు.

ఇక పంచుకున్నాక రాసుకునే పారీఖత్తుల, అంటే పంపకం కాగితాల, సంగతి. ‘ఇందుమూలంగా నేడు పంచుకున్నాము’ అని రాస్తే అదే పంపకం దస్తావేజు, రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కుకు ఆధారం కాదు. ‘ఫలానా సంవత్సరంలో పంచుకున్నాము, జ్ఞాపకార్థం రాసుకుంటున్నాము’ అంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కోర్టులు ఒప్పుకున్నాయి. ఈ వెసులుబాటును నమ్ముకుని లక్షల విలువైన భూమిని తెల్లకాగితం మీద వదిలేయడం మాత్రం క్షేమం కాదు.

పథకాల వయసు, బోరు వంతు

తెలంగాణలో భూమి ఎప్పుడు మార్చాలన్న నిర్ణయాన్ని రైతుబీమా బలంగా ప్రభావితం చేస్తుంది. 2018లో మొదలైన ఈ పథకం పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తుంది. వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి. అరవై దాటిన తండ్రి పేరు మీదే పొలం మొత్తం ఉంటే, దాన్ని దున్నే నలభై ఏళ్ల కొడుక్కి బీమా లేదు. ఆ కొడుకు పోతే కోడలికి అప్పు తప్ప ఏమీ మిగలదు. ఈ కోణంలో కొంత భూమైనా సాగుచేసే బిడ్డ పేరుకు మార్చడంలో అర్థం ఉంది. పీఎం కిసాన్ నిబంధనలు దీనికి ఎదురు నడిచాయి. అర్హత నిర్ణయానికి 2019 ఫిబ్రవరి 1ని కటాఫ్ తేదీగా పెట్టి, ఆ తర్వాత చేతులు మారిన భూమికి మరణం వల్ల వచ్చిన వారసత్వానికి మాత్రమే మినహాయింపు ఇచ్చారు. ఏడాదికి 6 వేలు పోతాయని 5 లక్షల రక్షణ వదులుకోవడం సరైన లెక్క కాదు.

కాగితాల్లో కనిపించని అసలు తగువు నీళ్ల దగ్గర వస్తుంది. నాలుగెకరాల చెలకలో బోరు ఒక్కటే, అదీ ఎగువ మూలన. తూర్పు చెక్క తీసుకున్న అన్నకు బోరు వచ్చింది, పడమటి చెక్క తమ్ముడికి పైపులైను మీద ఆధారం. ఐదేళ్లు బాగానే నడిచింది. మోటారు కాలిపోయిన వేసవిలో రీవైండింగు ఖర్చు ఎవరిదన్న మాట దగ్గర మొదలై, పైపు తెగ్గొట్టడం వరకు వెళ్తుంది. పంపకం దస్తావేజులో సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులతో ఆపకూడదు. బోరు ఎవరెవరి ఉమ్మడి, వంతు ఎన్ని గంటలకు లేదా ఎన్ని రోజులకు, కరెంటు సర్వీసు నంబరు ఎవరి పేరు మీద, మోటారు మరమ్మతు ఏ నిష్పత్తిలో, బోరు ఎండిపోతే కొత్త బోరు ఎవరి చెక్కలో వేయాలి, పైపులైను ఏ గట్టు వెంట, ట్రాక్టరు వెళ్లే బాట ఎంత వెడల్పు, ఇవన్నీ రాయాలి. ఒక పేజీ ఎక్కువవుతుంది, అంతే. రాసే ముందు సర్వేయరుతో సబ్‌డివిజన్ కొలిపించాలి. దస్తావేజులో రెండెకరాలు ఉండి నేల మీద ఎకరం తొంభై సెంట్లు తేలితే ఆ పది సెంట్లు ఎవరివన్న వివాదం మనవల దాకా సాగుతుంది.

అప్పుల విషయంలో ఒక ఊరట ఉంది. తండ్రి అప్పుకు వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు, తమ సొంత సంపాదన నుంచి తీర్చాల్సిన పని లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత సూత్రం కింద కోర్టుకు వెళ్లే దారిని 2005 సవరణ కొత్త అప్పులకు మూసేసింది. అయినా ఏ బ్యాంకులో ఏ పాసుపుస్తకం తాకట్టు ఉందో, ఎవరికి ప్రామిసరీ నోటు రాశారో తండ్రి ఒక నోటుబుక్కులో రాసిపెట్టి ఇంట్లో ఇద్దరికైనా చూపించాలి. పోయాక వచ్చే నోట్లలో ఏది నిజమో ఏది కాదో చెప్పగలిగే ఆధారం అదే.

అమెరికా కొడుకు, ఊళ్లో తమ్ముడు

విదేశాల్లో స్థిరపడ్డ పిల్లలున్న తెలుగు ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటి. అమెరికాలో ఉన్న కొడుక్కి తండ్రి పొలాన్ని గిఫ్ట్ డీడ్ రాస్తారు. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారు) సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, దానంగా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉండి భారత పాస్‌పోర్టే ఉన్నా అంతే. కాబట్టి అలాంటి బిడ్డకు పొలం ఇవ్వాలంటే వీలునామాయే మార్గం. ఆ భూమిని తర్వాత అమ్మాలంటే భారత్‌లో నివసించేవారికే అమ్మాలి. వచ్చిన డబ్బును నిబంధనలకు లోబడి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు బయటికి తీసుకెళ్లవచ్చు.

ఊళ్లో ఉండి దున్నే తమ్ముడికీ, అక్కడున్న అన్నకూ సమాన వాటా ఇవ్వడం కాగితం మీద న్యాయంగా కనిపిస్తుంది. తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లేది, గట్టు తెగితే రాత్రి వెళ్లి కట్టేది తమ్ముడైనప్పుడు, ఆ శ్రమకు వాటాలో విలువ కట్టడం అన్యాయం కాదు. అన్నకు పట్నంలో ప్లాటు, తమ్ముడికి పొలం. లేదా అన్న వాటాను తమ్ముడు ఇన్నేళ్లపాటు ఇంత కౌలుకు చేసుకునేలా రాతపూర్వక ఒప్పందం. ఏదైనా తండ్రి బతికుండగా, ఆయన నోటితో చెబితే పిల్లలు వింటారు. ఆయన పోయాక అదే మాట వదినో మరదలో చెబితే ఇల్లు రెండవుతుంది. అన్న తన వాటా విడుదల చేయాలనుకుంటే ఇండియాకు రానక్కర్లేదు, కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ (తన తరఫున సంతకం చేసే అధికారం ఇచ్చే పత్రం) పంపితే సరిపోతుంది, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి.

తండ్రి పోయాక

కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం తీసుకుని మ్యుటేషన్‌కు పెట్టడం, తెలంగాణ వాడుకలో ఫౌతీ చేయించడం, ఎంత త్వరగా జరిగితే అంత మంచిది. తెలంగాణలో ధరణి పోర్టల్ కాలంలో తహసీల్దారు ఉత్తర్వు మీద రెవెన్యూలో అప్పీలు లేక జనం సివిల్ కోర్టుల చుట్టూ తిరిగారు. 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే దారి తెరిచింది. ఇది మంచి మార్పు. దరఖాస్తులో అక్కచెల్లెళ్ల పేర్లు దాచి పెట్టే అలవాటును మాత్రం ఏ పోర్టలూ మాన్పలేదు. మ్యుటేషన్ అంటే శిస్తు కోసం, రికార్డు కోసం పేరు మార్చడమే, దానివల్ల హక్కు పుట్టదు, పోదు అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. దాచిపెట్టి ఎక్కించుకున్న పేరు పదిహేనేళ్ల తర్వాతైనా పంపకం దావాతో కదులుతుంది. అప్పుడు ప్రాథమిక డిక్రీ, అడ్వకేట్ కమిషనరు కొలతలు, తుది డిక్రీ, అప్పీళ్లు అంటూ భూమి కొనేవాడు లేక, అప్పు పుట్టక పడి ఉంటుంది.

బ్యాంకు ఖాతా నామినీ గురించీ ఇదే భ్రమ. నామినీ డబ్బు అందుకునేవారే తప్ప, వారసులను పక్కనపెట్టి సొంతదారు అయిపోరు.

చివరగా తల్లి పేరు మీదున్న భూమి. పుట్టింటి నుంచి వచ్చినా, ‘బతికున్నంతకాలమే’ లాంటి పరిమితి పెట్టని భర్త వీలునామాతో వచ్చినా హిందూ వారసత్వ చట్టం పద్నాలుగో సెక్షన్ ప్రకారం అది ఆవిడకు సంపూర్ణ హక్కు. ఆవిడ వీలునామా రాయకపోతే, పిల్లలుంటే వాళ్లకూ భర్తకూ సమానంగా పోతుంది. పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది తండ్రి వారసులకు వెళ్తుంది, తన కష్టార్జితం మాత్రం భర్త వారసులకు వెళ్తుంది. పెళ్లైన కొద్దికాలానికే భర్త పోయి, అత్తింటివాళ్లు గెంటేస్తే పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసిన ఒక మహిళ సంపాదన, 2009లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆవిడ తల్లికి కాక ఆ అత్తింటివాళ్లకే వెళ్లింది. చట్టం అక్షరాలా అలాగే ఉందని కోర్టు చెప్పింది. పాలకేంద్రం డబ్బుతో, డ్వాక్రా పొదుపుతో సొంతంగా అరెకరం కొనుక్కున్న ఒంటరి స్త్రీలు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు ఈ తీర్పు సంగతి చెప్పేవారు ఉండాలి. ఇంట్లో తండ్రి వీలునామాకు ముహూర్తం కుదిరిన రోజే తల్లిది కూడా రాయించాలి. లేఖరీ సాక్షులూ ఎలాగూ అక్కడే ఉంటారు.